పురాతత్త్వ పండితుడు గులాం యజ్దానీ

ఒక గ్రామమున మాగాణి యెంత, మెట్ట యెంత, ఏ చెరువు క్రింద ఎన్ని ఎకరములు సాగగును, ఏ పొలిమేర యెచ్చట నిలిచినది అని తెలియవలెనన్న గ్రామలెక్కలను విప్పి చూడవలెను. లెక్క లేని ఊరు దిక్కు లేని ఊరు. అట్లే ఒక దేశమందలి ప్రజలెట్లు బ్రదికిరో, ఎవ్వరిని కొలిచిరో, ఏ విద్యలను పోషించిరో తెలియవలెనన్న ఆ దేశపు లెక్కలను విప్పి చూడవలెను. ఆ లెక్కలు కొన్ని తాటియాకుల మీదను, కొన్ని రాగిరేకుల మీదను, పెక్కు రాళ్ల మీదను వ్రాయబడినవి. తాటియాకును చెదలు తినును. రాగిరేకును కరగించి చెంబు చేసికొందురు. రాతిని పెరికి పశువుల కొట్టమునకు గోడ పెట్టుకొందురు. ఇట్లు కన్నుల యెదుటనే దేశపు దండకవిలెలు నశించుచుండగా వానిని కాపాడుటకై జీవితమును ధారపోసిన మహనీయులు కొందరు కలరు. అట్టివారిలో జనాబ్ గులాం యజ్దానీ గారు అగ్రగణ్యులు.

హనుమకొండనుండి బయలుదేరి మట్టెవాడ మీదుగా కోటకు పోవు బాటసారికి ఎన్ని కట్టడములు కానవచ్చును! ఒకవైపున రుద్రదేవుడు 1163లో శివకేశవులకును సూర్యునకును కట్టించిన వేయిస్తంభముల గుడి. మరియొకవైపున నలువది యైదు బురుజుల రాతికోట. కోట నడుమ నేలమట్టమైన స్వయంభూదేవుని యాలయము. దాని నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణములు. వానికి చేరువనే ఖుష్‌మహలు. వీనిని కట్టించిన ప్రభువుల పేర్లు బాలురు పాఠశాలలో చదువుకొనుచున్నారు. కట్టించినవారి పేరు నిలిచినది. కూలిపోకుండ కాచినవారి పేరు మరుగున పడినది. చెరువు త్రవ్వించినవానికి పుణ్యము కలదు, నిజమే. కాని ఏటేట కట్టకు మన్ను వేయించి, తూమును బాగుచేయించి, గండి పడకుండ కాచినవానికి పుణ్యము లేదందుమా? త్రవ్వించినవాని పేరు చెరువునకు వచ్చును. కాచినవాని వలన పొలమునకు నీరు వచ్చును. యజ్దానీ గారు రెండవ తెగకు చెందిన పుణ్యాత్ములు.

వారు 1885లో ఢిల్లీ నగరమున జన్మించిరి. ఆనాటి ఢిల్లీ దెబ్బతిని లేవలేని నగరము. 1857 నాటి తిరుగుబాటు అణగిన పిదప ఆంగ్లేయులు మొగలు పాదుషాల ఎఱ్ఱకోటలోని మందిరములను పెక్కింటిని పడగొట్టి ఆ స్థలమున సైనికులకు ఇండ్లు కట్టించిరి. అట్టి నగరమున కన్ను తెరచిన బాలునకు కట్టడము కూలిన యెడల దానితోబాటు ఏమేమి కూలునో గ్రంథములు చదివి తెలిసికొనవలసిన పని లేదు. యజ్దానీ గారు అరబ్బీ పారసీ భాషలను చక్కగా అభ్యసించి, కళాశాలలో అరబ్బీ భాషాచార్యులుగా ఉద్యోగము చేసిరి. ఆ రెండు భాషల పాండిత్యమే వారిని శాసనముల వైపునకు నడిపినది. సుల్తానుల నాటి మసీదుల మీదను, సమాధుల మీదను, కోట ద్వారముల మీదను చెక్కబడిన అరబ్బీ పారసీ శాసనములను ప్రకటించుటకు భారత ప్రభుత్వము నడపిన ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా అను పత్రికకు వారు చాలకాలము సంపాదకులుగా నుండిరి.

1914లో హైదరాబాదు సంస్థానమున పురాతత్త్వ శాఖ నెలకొల్పబడెను. ఉర్దూలో దానిని ఆసారె ఖదీమా అనిరి. అప్పటికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను గద్దె నెక్కి మూడేండ్లు మాత్రమే గడచినవి. సంస్థానమున ఉన్నతోద్యోగిగానుండి తరువాత ప్రధానమంత్రియైన సర్ అక్బర్ హైదరీ గారు ఇట్టి కార్యములయందు మిక్కిలి ఆదరము గలవారు. క్రొత్త శాఖకు డైరెక్టరుగా యజ్దానీ గారు నియమింపబడిరి. వారి వయస్సప్పుడు ఇరువది తొమ్మిదేండ్లు. ఆ యేడే రెసిడెంటు పిన్హే దొర పూనికతో హైదరాబాదు పురాతత్త్వ సంఘము కూడ స్థాపితమయ్యెను. ఆ సంఘపు పత్రికలో యజ్దానీ గారు దక్కనులోని రాక్షసగుళ్లను గూర్చియు, వానిలో దొరకిన కుండల మీది గీతలను గూర్చియు వ్రాసిరి. అరబ్బీ పండితుడు అక్షరము పుట్టకమునుపటి కుండపెంకులను చేతబట్టి పరిశీలించుట వారి బుద్ధి విశాలతకు తార్కాణము.

నిజాము సంస్థానము సామాన్యమైన భూభాగము కాదు. 82,698 చదరపు మైళ్ల రాజ్యము. ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు అందున్నవి. అజంతా ఎల్లోరా గుహలు మొదలుకొని పాలంపేట రామప్ప గుడి వరకు, దౌలతాబాదు దుర్గము మొదలుకొని గోలకొండ వరకు, బౌద్ధ జైన శైవ వైష్ణవ మహమ్మదీయ కట్టడములన్నియు ఒక్క శాఖ యేలుబడిలోనికి వచ్చెను. చెట్లు మొలచి గోడలు చీలుచున్నవి. గబ్బిలములు గుహల నాక్రమించినవి. శాసనముల మీద బట్టలుతుకుచున్నారు, పసుపు నూరుచున్నారు. ఎచ్చట మొదలిడవలెను? మొదట ఉన్నదేమో లెక్క వ్రాసికొనవలెను. లెక్క తేలనిదే కాపుదల సాగదు. కావున వారు తిరుగుటయు, చూచుటయు, కొలుచుటయు, ఛాయాచిత్రములు తీయించుటయు, ఏటేట ప్రభుత్వమునకు నివేదికలు వ్రాయుటయు ఆరంభించిరి.

మరుసటి యేడే ఒక గొప్ప సంగతి జరిగినది. రాయచూరు జిల్లాలోని మస్కి యను చోట బంగారు గనుల నిమిత్తము వెదకుచున్న బీడన్ అను ఇంజనీరునకు 1915లో ఒక బండపై ప్రాచీన లిపి కానవచ్చెను. అది మౌర్య చక్రవర్తి శాసనము. అంతవరకు దొరకిన ధర్మశాసనములలో ఆ చక్రవర్తి దేవానాంప్రియుడనియు ప్రియదర్శి యనియు మాత్రమే చెప్పుకొనెను. అశోకుడను స్వనామము స్పష్టముగా కనబడినది మస్కి బండ మీదనే. బంగారము కొరకు వెదకినవానికి బంగారమును మించినది దొరకెను. ఆ శాసనమును కృష్ణశాస్త్రి గారు పరిష్కరింపగా హైదరాబాదు పురాతత్త్వ గ్రంథమాలలో అది మొదటి సంపుటముగా అచ్చయ్యెను.

ఈ గ్రంథమాల విషయమున యజ్దానీ గారు చూపిన వివేకము మెచ్చదగినది. తమకు తెలిసిన భాషలకు మాత్రమే వెలుగు చూపి, తెలియనివానిని చీకటిలో విడిచిపెట్టు పండితులు లోకమున అరుదు కారు. యజ్దానీ గారట్లు చేయలేదు. సంస్కృతాంధ్ర కర్ణాట శాసనములను ఆయా భాషలయందు నిపుణులైన వారికి అప్పగించిరి. పాలంపేట, ఉప్పరపల్లి శాసనములను, గణపతిదేవుని కాలపు పాఖాల శాసనమును లండనులోని బార్నెట్ పండితుడు పరిష్కరించెను. ఓరుగంటిని ఏలిన షితాబ్ ఖాను చరిత్రను హీరానందశాస్త్రి గారు వ్రాయగా 1932లో ప్రకటించిరి. తెలంగాణ జిల్లాల శాసనములను పి. శ్రీనివాసాచారి గారు సమకూర్చిరి. తన పేరు పైకి రాకున్నను పని సాగవలెనను బుద్ధి అధికారులకుండుట దేశముయొక్క అదృష్టము.

ఇక కట్టడముల కాపుదల. పాతదానిని బాగుచేయుట యనగా సున్నము కొట్టి రంగు పూసి క్రొత్తదానిగా కనబడునట్లు చేయుటయే యని చాలమంది తలంతురు. దేవాలయమున కాలు విరిగిన విగ్రహమునకు సిమెంటుతో కాలు పెట్టుదురు. శిల్పముల మీద సున్నము దట్టించి కన్ను ముక్కు తెలియకుండ చేయుదురు. భక్తితోనే చేయుదురు, కాని చరిత్ర చచ్చును. ఆనాటి భారత పురాతత్త్వ శాఖకు అధిపతియైన సర్ జాన్ మార్షల్ దొర ఈ విషయమున కొన్ని నియమములను ఏర్పరచి 1923లో గ్రంథముగా ప్రకటించెను. ఉన్నదానిని నిలబెట్టుము, లేనిదానిని కల్పింపకుము అనునదియే ఆ నియమముల సారము. యజ్దానీ గారి శాఖ నడచిన త్రోవ ఇదియే. ఒరిగిన దూలమునకు ఊతమిచ్చుట, కప్పులో నీరు దిగకుండ సందులు పూడ్చుట, వ్రేళ్లతో సహా చెట్లు పెరికించుట, పడిన రాళ్లను ఏరి వాని చోటు తెలిసినచో మరల అమర్చుట, తెలియనిచో ప్రక్కన భద్రపరచుట. లెక్కల పుస్తకములో పుట చిరిగినచో అతుకవచ్చును; అంకె చెరిగినచో ఊహించి క్రొత్త యంకె వ్రాయరాదు. అతికిన పుట సాక్ష్యమునకు నిలుచును. దిద్దిన అంకె పుస్తకమునంతయు చెరచును. రాతికిని అదే ధర్మము.

ఓరుగంటి సీమకు వారు చేసిన ఉపకారములలో ముఖ్యమైనది పాలంపేట దేవాలయములను లోకమునకు తెలియజేయుట. గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఆ కాలమున అడవిలో నుండెను. నీటిపై తేలునంతటి తేలిక ఇటుకల శిఖరము, అద్దమువలె మెఱయు నల్లరాతి మదనికలు, నాట్యభంగిమలు చెక్కిన దూలములు, ఆ గుడితోబాటు త్రవ్వించిన విశాలమైన చెరువు, ఇవి చుట్టుప్రక్కల పల్లెలవారికి తెలియును గాని దూరదేశముల విద్వాంసులకు తెలియవు. యజ్దానీ గారు ఆ గుళ్లను కొలిపించి, చిత్రములు తీయించి, పాలంపేట దేవాలయములు అను పేర ఒక గ్రంథము వ్రాసిరి. భారత పురాతత్త్వ శాఖ దానిని 1922లో తన గ్రంథములలో ఆరవదిగా ప్రకటించెను. అరబ్బీ చదివిన ముసల్మాను పండితుడు శివాలయమందలి స్తంభము స్తంభమును, చూరు చూరును పరిశీలించి శ్లాఘించుట చూచినచో కళకు కులమతములు లేవను మాట ఉపన్యాసములకు మాత్రమే పరిమితమైనది కాదని తెలియగలదు.

వారి జీవితమున మిక్కిలి శ్రమ కోరిన కార్యము అజంతా. అచ్చటి గుహలలోని చిత్రములు క్రీస్తునకు పూర్వము మొదలుకొని క్రీస్తు తరువాత ఐదవ శతాబ్దము వరకు వ్రాయబడినవి. 1819లో ఆంగ్ల సైనికోద్యోగి యొకడు వానిని చూచిన పిమ్మట లోకమునకు వాని సంగతి తెలిసెను. రాబర్ట్ గిల్ అను సైనికోద్యోగి ఏండ్ల తరబడి కూర్చుండి వ్రాసిన ప్రతులను లండనుకు పంపగా 1866లో స్ఫటిక సౌధమున అగ్నిప్రమాదము జరిగి వానిలో పెక్కు బూడిదయ్యెను. తరువాత గ్రిఫిత్స్ అను చిత్రకళోపాధ్యాయుడు శిష్యులతో మరల వ్రాయించిన ప్రతులలో ననేకములు 1885లో అగ్గి పాలయ్యెను. రెండు మారులు నకళ్లు కాలినవి. అసలు మాత్రము గుహలలో నిలిచియున్నది. కాని అదియు పొక్కులు లేచి రాలిపోవుచున్నది. నకలు కాలినచో మరియొకటి వ్రాసికొనవచ్చును. అసలు రాలిపోయినచో ఏ కచ్చేరిలో దొరకును?

కావున అసలును నిలుపుటకై సంస్థానము ఇటలీ దేశమునుండి లొరెంజో చెక్కోని అను నిపుణుని, ఆయనకు సహాయుడుగా ఓర్సీని అను వానిని పిలిపించెను. గోడలపై చిత్రములను నిలుపు విద్యయందు ఆ దేశమువారు ప్రసిద్ధులు. వారు 1920 మొదలు రెండు శీతకాలములు అజంతాలో పని చేసిరి. ఊడిపోవుచున్న గచ్చును గోడకు మరల అతికించిరి; పొగ, మసి, గబ్బిలముల మాలిన్యము తుడిచిరి; చిత్రముల మీద లక్కతో చేసిన వార్నిషు పూసిరి. రాలిపోవలసిన గచ్చు నిలిచినది. కాని కాలక్రమమున ఆ వార్నిషు పసుపు వన్నెకు తిరిగి, ధూళిని పట్టి, రంగులను మరుగుపరచినది. తరువాతి తరముల రసాయనశాస్త్రజ్ఞులు దానిని మెల్లమెల్లగ తొలగింపవలసి వచ్చెను. మహాత్ముల జీవితములు చెప్పునపుడు గుణములనే చెప్పి దోషములను దాచుట వాడుక. అట్లు దాచుట యజ్దానీ గారి శాస్త్రమునకే విరుద్ధము. ఆనాటికి తెలిసిన ఉత్తమ విద్యను వారు తెప్పించిరి. ఆ విద్యలోనే ఒక లోపముండెను. వైద్యుడు ప్రాణము నిలిపి మందు వలన కలిగిన మచ్చను విడిచినట్లయినది. మచ్చను తరువాతివారు మాన్పగలిగిరన్న, ప్రాణము నిలిచియుండుట చేతనే కదా. అయినను, పాతదాని మీద క్రొత్తది పూయునపుడు ఎంత జాగరూకత కావలెనో ఈ ఉదాహరణము పిమ్మటివారికి నేర్పినది.

గుహలను కాపాడుటతో వారు తృప్తిచెందలేదు. అజంతాకు పోలేనివారు సయితము ఆ చిత్రములను చూడవలెనని సంకల్పించిరి. ప్రతి చిత్రమును ఛాయాచిత్రమున పట్టి, కొన్నింటిని రంగులలోను కొన్నింటిని ఏకవర్ణములోను అచ్చొత్తించి, ఏ జాతకకథ ఏ గోడపై ఎట్లు వ్రాయబడినదో వివరించుచు అజంతా అను మహాగ్రంథమును వెలయించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమున మొదటి భాగము 1930లోను, రెండవది 1933లోను, మూడవది 1946లోను, నాలుగవది 1955లోను వెలువడెను. మొదటి భాగమునకు కడపటి భాగమునకు నడుమ ఇరువదియైదేండ్లు. ఈలోపల ప్రపంచ యుద్ధము వచ్చెను, సంస్థానము పోయెను, గ్రంథకర్త ఉద్యోగము విడిచి వృద్ధుడయ్యెను. పట్టిన పని మాత్రము విడువలేదు. నాలుగవ భాగము వెలువడునాటికి వారికి డెబ్బదేండ్లు.

యజ్దానీ గారికి ఒక్క గుడి, ఒక్క మసీదు వేరుగా కనబడవు. నగరమంతయు ఒక్క శరీరముగా కనబడును. కోటగోడ, ద్వారము, అంగడి, బావి, పాఠశాల, రాజభవనము, సమాధి, ఇవన్నియు ఒకదానితో ఒకటి కలిసినపుడే ఆనాటి జీవితము తెలియునని వారి యభిప్రాయము. మాళవదేశమందలి మాండూ దుర్గనగరమును గూర్చి వారు వ్రాసిన గ్రంథము 1929లో వెలువడెను. బీదరు నగరమును గూర్చి 1917లో చిన్న పుస్తకము వ్రాసి, ముప్పదేండ్లు దానినే మనస్సున నిలుపుకొని, 1947లో బీదరు చరిత్రము, కట్టడములు అను పెద్ద గ్రంథమును ప్రకటించిరి. ఆ నడుమ వారి శాఖ బీదరు కోటలో మట్టిదిబ్బల క్రింద పూడుకొనిపోయిన రాజభవనములను వెలికిదీసి, ముత్యపుచిప్పలు పొదిగిన రంగీను మహలు వంటివానిని బాగుచేసెను.

బీదరులో మహమూద్ గవాను మంత్రి 1472లో కట్టించిన మదరసా కలదు. ఆ మంత్రి ఎంతటి విద్యాప్రియుడో అంతటి నీతిమంతుడు. ఓర్వలేనివారు కూటలేఖ యొకటి సృష్టించి సుల్తానునకు చూపగా, సుల్తాను విచారింపక 1481లో ఆయనకు మరణదండన విధించెను. ఒక దొంగకాగితము ఒక మహాపురుషుని ప్రాణమును, కొంతకాలమునకే రాజ్యపు బలమును హరించినది. 1696లో తుపాకిమందు ప్రేలి ఆ మదరసాలో ఒక భాగము, ఒక మీనారు కూలిపోయెను. నేటికిని అచ్చట ఒక్క మీనారే కలదు. రెండవదానిని ఊహించి కట్టినచో చూడ ముచ్చటగానుండునేమో గాని, అది రాతితో వ్రాసిన కూటలేఖ యగును. లేనిదానిని లేనట్లే నిలిపినందున, ఆ ఒంటి మీనారు గవాను విద్యాభిలాషను, ఆనాటి ప్రేలుడును, రెంటిని చెప్పుచున్నది.

తెలుగువారి ప్రాచీన నగరమొకటి వెలుగులోనికి వచ్చుటకు సయితము యజ్దానీ గారే కారకులు. నేడు సంగారెడ్డి జిల్లాలో చేరిన కొండాపురమున 1940 మొదలు వారు త్రవ్వకములు జరిపించిరి. పాటిమన్ను తొలగింపగా ఇటుక గోడలు, బౌద్ధ కట్టడములు, శాతవాహనుల నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు, ఇనుప పనిముట్లు బయల్పడినవి. రెండువేల యేండ్ల క్రిందట ఆ చోట తెలుగునాటి వర్తకులును, కమ్మరులును, పూసలు చేయువారును కాపురముండిరని తెలిసెను. అట్టి వస్తువులను ప్రజలు చూచుటకై హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో 1930లో ప్రదర్శనశాల తెరువబడెను. ఈజిప్టు దేశపు మమ్మీని చూడవచ్చినవారు కాకతీయుల శిల్పములను కూడ చూచి పోవుచుండిరి. కట్టడములకు చట్టము అండయు దొరకెను. ఫసలీ 1337లో, అనగా 1927–28లో, ప్రాచీన కట్టడముల పరిరక్షణకు సంస్థానమున శాసనము చేయబడెను. అంతవరకు కోటరాయి పెరికినవానికి సిగ్గు చాలవలెను. అటుపిమ్మట శిక్ష యేర్పడెను.

ఇంత చేసినను ఒక కొరత యుండెను. శాఖ ప్రకటించిన గ్రంథములన్నియు ఇంగ్లీషున నున్నవి. ఖరీదును అధికము. పాలంపేట గుడిని గూర్చి లండనులోని పండితుడు చదువగలడు గాని పాలంపేట రైతు చదువలేడు. తన తాత ముత్తాతల లెక్క తనకే తెలియని భాషలో నుండెను. ఈ కొరతను తీర్చినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞానచంద్రికా మండలి ద్వారా చరిత్రను తేటతెలుగున అందజేసిరి. వారు 1923లో దివంగతులు కాగా వారి పేర పరిశోధక మండలి నెలకొల్పబడెను. ఆదిరాజు వీరభద్రరావు గారు మొదలగువారు ఊరూర తిరిగి శాసనములు సేకరింపగా, ఆ మండలి 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథమును ప్రకటించెను. ప్రభుత్వమువారు రాతిని కాచిరి. భాషానిలయములవారు రాతిలోని మాటను జనులకు వినిపించిరి. రెండు చేతులు లేనిదే మూట లేవదు.

యజ్దానీ గారు 1943లో ఉద్యోగ విరమణ చేసిరి. ఇరువది తొమ్మిదవ యేట చేరి ఇరువది తొమ్మిదేండ్లు సేవించిరి. వారి యనంతరము ఖ్వాజా మొహమ్మద్ అహ్మద్ గారు శాఖాధిపతి యైరి. విరమించిన పిదపను వారు విశ్రమింపలేదు. దక్కను ప్రాచీన చరిత్రమును సమగ్రముగా వ్రాయింపవలెనను సంకల్పమునకు సంపాదకత్వము వహించిరి. వేరువేరు భాగములను ఆయా విషయములందు నిపుణులైన విద్వాంసులు వ్రాసిరి. ఓరుగంటి కాకతీయులను గూర్చిన భాగమును నేలటూరి వేంకటరమణయ్య గారును, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారును కలిసి వ్రాసిరి. గ్రంథము రెండు సంపుటములుగా 1960లో వెలువడెను. సంపాదకునకు అప్పుడు డెబ్బదియైదేండ్లు. అంతవరకు వేరువేరుగా పారిన రెండు కాలువలు ఇచ్చట కలిసినవి. రాతిని కాచిన ఢిల్లీ పండితుడును, మాటను చదివిన తెలుగు పండితులును ఒక్క గ్రంథమున చేరి ఓరుగంటి చరిత్రమును లోకము ముందుంచిరి.

భారత ప్రభుత్వము 1959లో వారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1962లో వారు కీర్తిశేషులైరి. సోమశేఖరశర్మ గారు 1963లో పరమపదించిరి. యజ్దానీ గారి విద్యావారసత్వము వారి యింటను నిలిచినది. వారి కుమార్తె జుబేదా యజ్దానీ గారు ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, హైదరాబాదు చరిత్రమును గూర్చి గ్రంథములు రచించి, తండ్రి పేరును నిలిపిరి.

వారు కాచిన రాజ్యము వారి కన్నుల యెదుటనే మూడు ముక్కలయ్యెను. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. 1956లో అజంతా ఎల్లోరాలు బొంబాయి రాష్ట్రమునకును, బీదరు మస్కీలు మైసూరు రాష్ట్రమునకును, ఓరుగల్లు పాలంపేటలు ఆంధ్రప్రదేశమునకును చెందెను. రాజ్యములకు పొలిమేరలు మారినవి గాని కాచిన రాయి చెదరలేదు. 1983లో అజంతా ఎల్లోరా గుహలు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడెను. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము 2006లో రాయి రాయిగా విప్పబడి, ఏండ్ల శ్రమ పిమ్మట 2024 శివరాత్రికి మరల తెరువబడెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు ఓరుగంటి కీర్తితోరణము రాజముద్రలో చేర్చబడెను. యజ్దానీ గారు శాఖను చేపట్టిన నూరేండ్లకు ఈ సత్కారము. 2021 జూలైలో పాలంపేట రామప్ప గుడియు ప్రపంచ వారసత్వ సంపదల జాబితాకెక్కెను. వారి గ్రంథము వెలువడి అప్పటికి తొంబదితొమ్మిదేండ్లు. విత్తు నాటినవాడు ఫలము తినకపోవచ్చును. ఫలము తినువాడు విత్తు నాటినవానిని తలచుకొనుట ధర్మము.

ఈ మహనీయుని జీవితమునుండి గ్రామవాసులు గ్రహింపవలసిన దేమనగా, చరిత్రను కాచుట డైరెక్టర్లకును పండితులకును మాత్రమే చెల్లిన పని కాదు. పొలము దున్నునపుడు అక్షరములున్న రాయి నాగటికి తగిలినచో గట్టున పారవేయక తెలిసినవారికి చూపవలెను. గుడి స్తంభమున తన పేరు చెక్కబోవు పిల్లవానిని వారింపవలెను. బాగుచేయు నెపమున శిల్పమునకు రంగు పూయబోవువారిని మెల్లగ నిలుపవలెను. ఇంటనున్న తాటియాకుల కట్టను అటక మీద చెదలకు వదలక గ్రంథాలయమునకు తెచ్చి యీయవలెను. ఇందునకు ధనము అక్కరలేదు, బిరుదము అక్కరలేదు. తాతల సొత్తును మనుమలకు అప్పగింపవలెనను తలంపు చాలును.

గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నడచినదన్న, ఇరువదియైదేండ్లు ఎవ్వరో దీపమునకు చమురు పోసినారన్నమాట. కోటను కాచుటయు గ్రంథమును కాచుటయు ఒక్కటే పని. ఈ రజతోత్సవ సమయమున గులాం యజ్దానీ గారి స్మృతి పాఠకుల హృదయములందు నిలుచుగాక. వారు కాచిన తోరణములు నిలిచినంతకాలము ఈ గ్రంథాలయ ద్వారమును తెరచియుండుగాక.